మూత తీయని సీసా

నా రాతబల్ల మీద ఒక పలకల సీసా ఉంది. అందులో నీళ్ళు పోసి మనీప్లాంట్ తీగ పెట్టాను. మన ఊళ్ళలో చాలా ఇళ్ళ కిటికీల్లో ఇలాంటిది కనిపిస్తుంది. దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో ఎవరో తెచ్చి ఉంటారు. లోపలి సరుకు ఎప్పుడో అయిపోయినా సీసా పారేయడానికి మనసొప్పక ఉంచుకుంటారు. నాలుగు పలకలు, గట్టి అడుగు, ఎర్ర లేబుల్. ఆ లేబుల్ అడ్డంగా తిన్నగా ఉండదు, కుడివైపుకి ఎగబాకుతున్నట్టు ఏటవాలుగా ఉంటుంది. జానీ వాకర్ రెడ్ లేబుల్.

ఒక నగరంలో, సుమారు రెండు దశాబ్దాల పాటు, ఈ సీసా డబ్బులా చెల్లింది. ఆ నగరం బర్మాలోని రంగూన్. 1989 నుంచి దాని పేరు యాంగోన్. మన ఉత్తరాంధ్ర పెద్దల నోట మాత్రం ఎప్పటికీ ‘రంగం’. అక్కడ ఈ సీసాతో జరిగిన చిన్న వ్యాపారం ఎంత నేర్పుగా అమరిందో, ఏ ముక్క ఏ ముక్కలో ఎలా ఇమిడిందో విప్పి చూడాలని నాకు ఎన్నాళ్ళుగానో ఉంది. మంచి మగ్గాన్ని చూస్తే నేతగాడి మీద గౌరవం కలిగినట్టు, ఈ వ్యాపారాన్ని చూస్తే రంగూన్ జనం మీద నాకు గౌరవం కలుగుతుంది.

జరిగేది ఇదీ. 1970లు, 80లలో బర్మా చూడబోయే విదేశీ యాత్రికుడు బ్యాంకాక్ డాన్ మువాంగ్ విమానాశ్రయంలో డ్యూటీ ఫ్రీ కొట్టు దగ్గర ఆగేవాడు. రెండే కొనేవాడు: ఒక రెడ్ లేబుల్ సీసా, ఒక కార్టన్ స్టేట్ ఎక్స్‌ప్రెస్ 555 సిగరెట్లు. తాగడానికి కాదు, కాల్చడానికీ కాదు. రంగూన్ విమానాశ్రయం మింగలడాన్‌లో దిగి కస్టమ్స్ బల్ల దాటి బయటికి రాగానే రెండు ఇంగ్లీషు మాటలు చెవిన పడేవి: “విస్కీ? సిగరెట్?” పాత జీపో, చిన్న మాజ్డా టాక్సీనో ఎక్కి ఊళ్ళోకి చేరేలోగా బేరం తెగిపోయేది. చేతికొచ్చిన బర్మా డబ్బుతో ఆ వారం తిండీ, బస్సులూ, సైకిల్ రిక్షాలూ, బజారులో చిన్నాచితకా కొనుగోళ్ళూ నడిచేవి. టోనీ వీలర్ బర్మా మీద లోన్లీ ప్లానెట్ గైడు పుస్తకం తెచ్చింది 1979లో. అప్పటికే ఆ దారిన పోయేవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే మొదటి కిటుకు ఇది.

యాత్రికులు రాసుకున్న జ్ఞాపకాల్లో ఇది వాళ్ళ తెలివితేటల కథగా వస్తుంది. ‘పది డాలర్ల సరుకుతో వారమంతా గడిపేశాం’ అన్న ధోరణి. నాకు అక్కడే పేచీ. యాత్రికుడు చేసింది కొట్లో కొనడం, సంచిలో పెట్టుకోవడం, అంతే. ఆ సీసాకు విలువ కట్టడం, దాన్ని చేతులు మార్చడం, నోటు చచ్చిపోయిన రోజున కూడా దాని ధరను నిలబెట్టడం రంగూన్ మనిషి చేసిన పని. మెచ్చుకోవాల్సిన చెయ్యి అతనిది.

ఆ రోజుల రంగూన్ ఎలా ఉండేదో తెలియకపోతే ఈ పనితనం కళ్ళకు కట్టదు. 1962 మార్చి 2న జనరల్ నే విన్ సైనిక కుట్రతో అధికారం పట్టాడు. తన పాలనకు ‘సోషలిజానికి బర్మా మార్గం’ అని పేరు పెట్టుకున్నాడు. 1964కల్లా పెద్ద దుకాణాల నుంచి చిన్న కొట్ల వరకు సర్కారు పరం అయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం భారతీయులవి, చైనావాళ్ళవి. వాటి స్థానంలో ప్రజా దుకాణాలు వచ్చాయి. బోర్డులు ఉండేవి, బారులు ఉండేవి, సరుకు ఉండేది కాదు. సబ్బు, గుడ్డ, మందు బిళ్ళ, సైకిల్ ట్యూబు, ఏది కావాలన్నా జనం చూసేది దొంగబజారు వైపే. బర్మీ భాషలో దాన్ని ‘హ్మౌంగ్‌ఖో’ అంటారు. చీకటిలో తలదాచుకోవడం అని ఆ మాటకు అర్థం. సర్కారు వ్యాపార కార్పొరేషన్లు 22 ఉండేవి గనుక జనం దొంగబజారుకు ‘23వ కార్పొరేషన్’ అని పేరు పెట్టారు. మిగతా ఇరవై రెండూ చేయలేని పని అది చేసేది.

ఇక డబ్బు సంగతి. బర్మా క్యాట్‌ను (బర్మీయులు ‘చాట్’ అని పలుకుతారు) 1970లలో అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల యూనిట్ అయిన ఎస్‌డీఆర్‌కు కట్టేశారు. 1977 నుంచి ఒక ఎస్‌డీఆర్‌కు 8.5085 క్యాట్‌లు. ఆ లెక్కన డాలరుకు సర్కారు ఇచ్చేది ఆరో, ఏడో, మహా అయితే ఎనిమిదో. బజారులో దానికి కొన్ని రెట్లు పలికేది. ఇంత తేడా ఉన్నచోట డాలరు నేరుగా చేతులు మారుతుంది కదా, మధ్యలో సీసా ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబులోనే అసలు పనితనం ఉంది. మంచి వడ్రంగి చేసిన పెట్టెలో అతుకు ఎక్కడుందో వేలితో తడిమితే తప్ప తెలియదు. ఈ వ్యాపారంలో అతుకు ఒక కాగితం దగ్గర ఉంది.

విమానాశ్రయంలో దిగగానే యాత్రికుడు ఒక ఫారమ్ నింపాలి. దగ్గర ఎన్ని డాలర్లున్నాయి, ఏ ట్రావెలర్స్ చెక్కులున్నాయి, కెమెరా ఏది, గడియారం ఏది, అన్నీ రాయాలి. తర్వాత సూలే పగోడా పక్కన ఉన్న టూరిస్ట్ బర్మా ఆఫీసులోనో బ్యాంకులోనో డాలరు మార్చినప్పుడల్లా ఆ కాగితం మీద ముద్ర పడుతుంది. హోటలు, రైలు టికెట్టు, విమానం టికెట్టు వంటి పెద్ద ఖర్చులకు ఆ ముద్రలే సాక్ష్యం. దేశం విడిచేటప్పుడు లెక్క చూస్తారు. తెచ్చినవి ఇన్ని, మార్చినవి ఇన్ని, మిగిలినవి ఇన్ని ఉండాలి. దొంగబజారులో డాలరు అమ్మితే ఆ లెక్కలో చిల్లు పడుతుంది. కెమెరా అమ్మితే, వెళ్ళేటప్పుడు చూపించడానికి కెమెరా ఉండదు.

సీసా సంగతి వేరు. అది తాగే వస్తువు. సిగరెట్టు కాలే వస్తువు. ఏడు రోజుల్లో అయిపోవడమే వాటి ధర్మం. వెళ్ళేటప్పుడు అవి లేవంటే ‘ఏమయ్యాయి?’ అని అడిగే అధికారి ప్రపంచంలో ఏ విమానాశ్రయంలోనూ ఉండడు. తీసుకురావడానికి అనుమతి ఉన్నది, తిరిగి చూపించాల్సిన బాధ్యత లేనిది, దేశంలో దొరకనిది, అందరూ కోరుకునేది. ఈ నాలుగూ కలిసిన వస్తువులు ఆ ప్రయాణికుడి సంచిలో రెండే. నిబంధనల పుస్తకం అంతా తిరగేసి, అందులో ఒక్క సన్నని సందు పట్టుకుని, సరిగ్గా ఆ సందులో పట్టే వస్తువును ఎంచుకున్నారు. దీన్ని ఎవరూ కూర్చుని గీయలేదు. వందల మంది చేతుల్లో నలిగి, పనికిరానివి రాలిపోయి, పనికొచ్చేవి మిగిలాయి. మన రోలూ రోకలీ, కావడిబద్దా కూడా అలా తయారైనవే.

పన్ను లేని సీసా అనే ఊహే పెద్ద పాతది కాదు. విమానాశ్రయంలో మొదటి డ్యూటీ ఫ్రీ దుకాణం ఐర్లండ్‌లోని షానన్‌లో 1947లో తెరిచారు. ఆ ఆలోచన బ్రెండన్ ఓ రీగన్‌ది. ఒక దేశం దాటి ఇంకో దేశంలో అడుగు పెట్టని మనిషికి ఏ దేశం పన్ను వేస్తుందని అతని వాదన. ఒక సీసా, రెండు వందల సిగరెట్లు అన్న కొలత మెల్లగా ప్రపంచమంతా ఆనవాయితీ అయింది. ప్రయాణికుడికి ఇచ్చిన చిన్న ముచ్చట అది. రంగూన్‌లో ఆ ముచ్చట ఒక మనిషి నెల జీతంతో పోల్చదగిన సొత్తు అయింది.

సరే, సీసానే దగ్గరగా చూద్దాం. నా బల్ల మీదిదే తీసుకుంటాను.

పలకలుగా ఉంది. జాన్ వాకర్ స్కాట్లండ్‌లోని కిల్మార్నాక్‌లో 1820లో కిరాణా కొట్టు పెట్టాడు. పలకల సీసా అతని కొడుకు అలెగ్జాండర్ కాలంలో వచ్చింది. గుండ్రటి సీసాల మధ్య వృథాగా పోయే ఖాళీ పలకల సీసాల మధ్య ఉండదు. ఒకే పెట్టెలో ఎక్కువ పడతాయి, కుదుపుకి తక్కువ పగులుతాయి. ఓడలో పోయే సరుకు కోసం చేసిన ఆకారం అది. లేబుల్ వాలు సరిగ్గా 24 డిగ్రీలు. వాలుగా పెడితే అక్షరాలు పెద్దవిగా వేయవచ్చు, దూరం నుంచి పోల్చుకోవచ్చు. చేతికర్ర పట్టుకుని అడుగు ముందుకేస్తున్న దొర బొమ్మ 1908లో టామ్ బ్రౌన్ గీసినది. రెడ్ లేబుల్, బ్లాక్ లేబుల్ అన్న పేర్లు 1909 నుంచి ఉన్నాయి. ఇవన్నీ స్కాట్లండ్ వ్యాపారి తన సరుకు అమ్ముడుపోవడానికి చేసుకున్నవి. అయితే వీటి ఫలితం ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరం ముక్క రానివాడు కూడా చీకట్లో, కదులుతున్న జీపులో, సగం సంచిలోంచి బయటికి తీసి చూపిన ఈ సీసాను ఒక్క చూపులో గుర్తుపడతాడు. పలక చేతికి తగులుతుంది, వాలు కంటికి తగులుతుంది. కరెన్సీ నోటు గీసేవాళ్ళు పడే తాపత్రయమంతా ఇందుకే కదా.

తర్వాత మూత. లోహపు మూత ఒక్కసారి తిప్పితే కింది పట్టీ తెగిపోతుంది. మళ్ళీ అతకదు. సీసా విలువంతా ఆ పట్టీలో ఉంది. తెగని పట్టీ అంటే లోపలున్నది స్కాట్లండ్‌లో పోసిందేనని హామీ. బంగారమైతే గీటురాయి కావాలి, డాలరైతే దొంగనోటేమోనని వెలుతురుకి పట్టి చూడాలి. సీసా విషయంలో తెలియనివాణ్ణి నమ్మే అవసరమే లేదు. మూతను బొటనవేలితో తడిమితే చాలు. ఒకరి భాష ఒకరికి రాని, జీవితంలో మళ్ళీ కలవబోని ఇద్దరి మధ్య ఇంతకు మించిన పూచీ ఇంకేముంటుంది?

555 పనితనం ఇంకో రకం. ఈ సిగరెట్టు లండన్‌లోని ఆర్డాత్ కంపెనీది. న్యూయార్క్ రాష్ట్రంలో పరుగెత్తిన ఎంపైర్ స్టేట్ ఎక్స్‌ప్రెస్ రైలు పేరు మీద దీనికి స్టేట్ ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు. మూడు అయిదులు. అంకెలు ఏ భాషవాడికైనా పలుకుతాయి. కార్టన్‌లో పది పెట్టెలు, పెట్టెలో ఇరవై సిగరెట్లు. కార్టన్‌గా చేతులు మారొచ్చు, పెట్టెగా మారొచ్చు, తమలపాకుల బడ్డీలో ఒక్కొక్కటిగా విడి సిగరెట్టుగా అమ్ముడు కావచ్చు. బర్మాలో పొగకు కొదవ లేదు. చుట్టలు వాళ్ళ సొంత సొత్తు, ఆడా మగా కాలుస్తారు. సర్కారు ఫ్యాక్టరీ సిగరెట్టూ ఉండేది. 555 పొగ కోసం కాదు, మర్యాద కోసం. పెళ్ళికొచ్చిన పెద్దమనిషి ముందు పెట్టడానికి, ఆఫీసులో ఫైలు కదిలించడానికి, కొడుకు ఉద్యోగం మాట్లాడటానికి వెళ్ళినప్పుడు జేబులో ఉండటానికి. లంచాన్ని బర్మీ భాషలో ‘టీ డబ్బులు’ అని అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. మనమూ ‘టీ కాఫీలకి’ అంటాం.

సీసాను చిన్న ముక్కలు చేయలేం, మూత తీస్తే దాని విలువ పోతుంది. కార్టన్‌ను రెండు వందల ముక్కలు చేయవచ్చు. అంటే సీసా పెద్ద నోటు, కార్టన్ చిల్లర. యాత్రికుడు తెలియకుండానే రెండూ జతగా తెచ్చేవాడు. ఈ జత ఎందుకు స్థిరపడిందా అని నేను చాలాకాలం ఆలోచించాను. కస్టమ్స్ అనుమతి ఒక కారణం, నిజమే. కానీ జీన్‌ ప్యాంటూ, పెన్నూ, లిప్‌స్టిక్కూ కూడా అడిగేవాళ్ళు ఉండేవారు, అవేవీ ఇలా ఒకే రేటుతో నిలబడలేదు. జీన్‌కు కొలతలుంటాయి, పెన్నుకు రకాలుంటాయి. ఒక సీసా ఇంకో సీసాతో సమానం. ఆ సమానత్వమే సరుకును డబ్బు చేస్తుంది.

ఇప్పుడు డ్రైవరు దగ్గరికి వస్తాను. అతని ముందు రేట్ల బోర్డు ఉండదు. నిన్న ఎంత పలికింది, ఇవాళ బ్యాంకాక్ నుంచి ఎన్ని విమానాలు దిగాయి, వానాకాలమా, పండుగ దగ్గరపడిందా, ఇవన్నీ తలలో పెట్టుకుని ఒక అంకె చెప్పాలి. ఆ అంకె యాత్రికుడు వెంటనే సరే అనేంత పెద్దదిగా ఉండాలి, తర్వాతి చేతికి ఇచ్చినప్పుడు తనకు నాలుగు రాళ్ళు మిగిలేంత చిన్నదిగా ఉండాలి. టాక్సీ బాడుగ కూడా అందులోనే సర్దాలి. ఇదంతా అరగంట దారిలో, వేళ్ళ సైగలతో, ఓ కన్ను రోడ్డు మీద పెట్టి. యాత్రికుడికి ఏడు రోజుల వీసా. ఒకప్పుడు ఇరవై నాలుగు గంటలే ఇచ్చేవారు, 1970లో వారం చేశారు. ఆ వారంలో రంగూన్, మాండలే, పగాన్, ఇన్లే సరస్సు అన్నీ చుట్టి రావాలి. అతనికి తీరిక లేదు. అందుకే బేరం మొదటి గంటలోనే తెగాలి. డ్రైవరు ఆ తొందరను పసిగట్టాడు గానీ దాన్ని ఆసరా చేసుకుని దోచుకోలేదు. సీసా రేటు ఇంచుమించు ఎంతో యాత్రికులందరికీ ముందే తెలిసేది, వాళ్ళు చెప్పుకున్న రేటే డ్రైవర్లు చెప్పేవారు. ఎవరూ అజమాయిషీ చేయని బజారులో మాట ఇలా నిలబడటం నాకు గొప్పగా తోస్తుంది.

ఇందులో ప్రమాదం ఎవరిదో కూడా చెప్పాలి. పట్టుబడితే యాత్రికుణ్ణి రెండు మాటలని పంపేస్తారు. డ్రైవరు అక్కడే ఉండాలి. అతనికి జైలు ఉంది, బండి పోవడం ఉంది, ఇంట్లో పిల్లలున్నారు. మన మెప్పు అతనికి చెందాలని అంటున్నది ఇందుకు కూడా.

సీసా విలువ మీద అసలు పరీక్ష 1980లలో వచ్చింది. బర్మా సర్కారు అంతకు ముందే, 1964లో, 50, 100 క్యాట్‌ల నోట్లు రద్దు చేసింది. 1985 నవంబరు 3న మళ్ళీ 50, 100 నోట్లు చెల్లవంది. వాటి చోట 75 నోటు, ఆ తర్వాత 15, 35 నోట్లు వచ్చాయి. జనం వాటికి అలవాటు పడ్డారో లేదో, 1987 సెప్టెంబరు 5న 25, 35, 75 నోట్లు కూడా చెల్లవని ప్రకటన వచ్చింది. ఈసారి మార్పిడి లేదు, పరిహారం లేదు. చలామణిలో ఉన్న డబ్బులో సగానికి పైగా ఒక్క ప్రకటనతో చిత్తుకాగితమైంది. తర్వాత వచ్చినవి 45, 90 నోట్లు. రెంటిలోనూ అంకెలు కూడితే తొమ్మిది. తొమ్మిది మీద నే విన్‌కు ఉన్న గురి వల్లనే అలా వేయించాడని బర్మా జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

2016 నవంబరు 8 రాత్రి మన నోట్ల రద్దు చూసిన మనకు ఆ సాయంత్రం ఎలా ఉండి ఉంటుందో ఎవరూ వివరించనక్కరలేదు. మనకు బ్యాంకు ముందు నిలబడే అవకాశమైనా ఉంది. రంగూన్‌లో అదీ లేదు. కూతురి పెళ్ళికని ఇనప్పెట్టెలో దాచిన 75 నోట్ల కట్ట ఉన్న ఇంటినీ, అల్మారాలో మూత తీయని రెండు సీసాలు ఉన్న ఇంటినీ పక్కపక్కన ఊహించండి. సర్కారు ప్రకటన సీసాను ఏమీ చేయలేదు. నోటు మీద సంతకం చేసినవాడే అది చెల్లదని అనగలడు. స్కాట్లండ్‌లో బిగించిన మూతను రంగూన్‌లో ఎవరూ రద్దు చేయలేరు. ఆ నోట్ల రద్దే విద్యార్థులను వీధికెక్కించిన తొలి కారణాల్లో ఒకటి. ఏడాది తిరిగేసరికి, 1988 ఆగస్టు 8న, దేశమంతా లేచింది.

సిగరెట్టు డబ్బుగా మారడం ప్రపంచంలో ఇదొక్కచోటే జరగలేదు. రెండో ప్రపంచయుద్ధంలో శత్రువులకు చిక్కిన బ్రిటిష్ అధికారి ఆర్. ఎ. రాడ్‌ఫర్డ్, ఖైదీల శిబిరంలో సిగరెట్లే నాణేలుగా ఎలా నడిచాయో 1945లో ‘ఎకనామికా’ పత్రికలో వ్యాసం రాశాడు. అర్థశాస్త్రం విద్యార్థులు నేటికీ చదువుతారు. రెడ్‌క్రాస్ పొట్లాలు రాగానే సిగరెట్లు చవకయ్యేవి, రాత్రి బాంబులు పడుతుంటే జనం కాల్చేసి కొరత వచ్చేది. చౌషెస్కూ కాలపు రుమేనియాలో అమెరికన్ కెంట్ సిగరెట్లు ఇదే పని చేశాయి. డాక్టరు దగ్గరికి కెంట్ కార్టన్ లేకుండా వెళ్ళేవారు కాదు. శిబిరంలో సిగరెట్టు పైనుంచి పంచి ఇచ్చారు. రంగూన్‌లో అది విమానంలో ఒక్కో మనిషి సంచిలో ఒక్కొక్కటిగా దిగింది. రోజుకు ఎన్ని సీట్లు నిండితే అన్ని సీసాలు. అంటే ఈ కరెన్సీ ఎంత అచ్చు కావాలో నిర్ణయించింది విమానంలోని సీట్ల సంఖ్య. అతిగా పెరిగి విలువ పడిపోయే ప్రమాదం లేదు. ఏ రిజర్వు బ్యాంకూ పెట్టుకోలేని అదుపు అది.

ఇందులో మనవాళ్ళ వాటా లేదా అని తెలుగు పాఠకుడు అడుగుతాడు. ఉంది, కానీ చుట్టుదారిలో. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. ఓడరేవులో బస్తాలు మోసింది, రిక్షాలు లాగింది ఎక్కువగా తెలుగువాళ్ళే. కోరంగి రేవు నుంచి వచ్చారని వాళ్ళందరినీ ‘కోరంగీలు’ అన్నారు. 1930 మేలో ఆ రేవు పనుల దగ్గరే కోరంగీల మీద దాడులు జరిగి ఎందరో చచ్చిపోయారు. 1942లో జపాన్ వస్తుంటే లక్షల మంది భారతీయులు నడిచి వచ్చారు. మిగిలినవాళ్ళలో లక్షల మందిని 1964 తర్వాతి కాలం తిప్పి పంపింది. మూడు తరాల సంపాదన అక్కడే వదిలేసి, ఒంటిమీది నగ కూడా తీసుకుపోనివ్వని రేవు దాటి, విశాఖపట్నంలోనూ మద్రాసులోనూ దిగారు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు వాళ్ళ గుర్తు.

ఆస్తి నోటులో పెట్టుకుంటే ఏమవుతుందో, ఏ వస్తువు చిన్నదై పెద్ద విలువ మోస్తుందో ఆ వచ్చినవాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. 1969లో మద్రాసు రేవు ఎదురుగా బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు బర్మా బజారు పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది తమిళులు. నెల్లూరు, చిత్తూరు నుంచి మద్రాసు వెళ్ళినవాళ్ళు అక్కడ ఒక సెంటు సీసానో, టేపురికార్డరో, గొడుగో బేరం చేయకుండా తిరిగి రాలేదు. ఆ బజారుకు సరుకు మోసినవాళ్ళను తమిళంలో ‘కురువి’ అంటారు, పిచ్చుక అని. సింగపూర్ వెళ్ళి, ప్రయాణికుడిగా తనకు చట్టం ఇచ్చిన సామాను కోటా నిండా సరుకు తెచ్చి బజారులో దించేవాడు పిచ్చుక. రంగూన్‌లో యాత్రికుడు సరదాగా చేసిన పనిని ఇక్కడ బతుకుతెరువుగా మలిచారు. కస్టమ్స్ నిబంధన ఎంత బరువు మోయగలదో కిలో లెక్కన తెలుసు వాళ్ళకు. ఈ రెండు బజార్లనూ ఒకే తరం వాళ్ళు నడిపారని నేను అనను. ఒకే నష్టం నేర్పిన పాఠం రెండు చోట్లా పనికొచ్చిందని మాత్రం అంటాను.

రంగూన్‌లో ఈ వ్యాపారం ఒక్క రోజులో ఆగిపోలేదు. 1988 తర్వాత చైనా సరిహద్దు వ్యాపారం చట్టబద్ధమైంది, థాయ్‌లాండ్ వైపు నుంచీ సరుకు వచ్చింది. ప్రైవేటు కొట్లు తెరుచుకున్నాయి. కొట్టు అరలో కనిపించే సీసాకు సంచిలోంచి తీసిన సీసాకున్న మహిమ ఉండదు. 1993లో ఎఫ్‌ఈసీ అనే ప్రత్యేక కాగితాలు వచ్చాయి. యాత్రికుడు దిగగానే 300 డాలర్లు వాటిలోకి మార్చాలి. 2003లో ఆ నిర్బంధం ఎత్తేశారు. 1977లో కట్టిన 8.5085 ముడిని 2012 ఏప్రిల్‌లో విప్పారు. అప్పుడు కేంద్ర బ్యాంకు చెప్పిన తొలి రేటు డాలరుకు 818 క్యాట్‌లు. సీసా మళ్ళీ మామూలు సీసా అయింది.

దీన్ని దొంగవ్యాపారం అని కొట్టిపారేసేవారితో నాకు వాదన లేదు, చట్టం ప్రకారం అది అంతే. కానీ దుకాణాలు లాక్కుని, బ్యాంకులు సర్కారు పరం చేసి, నోట్లు చింపేసిన పాలకుల కింద, మూత తీయని సీసా ఒక్కదాన్ని ఆధారం చేసుకుని, మోసం లేకుండా, తగువు లేకుండా, ఇరవై ఏళ్ళు ఒక బజారును నడిపిన జనానికి ఆ పేరు చాలదు. నా లెక్కలో అది నేతపని, నగిషీపని స్థాయి పని.

బర్మాలో 2021 ఫిబ్రవరి 1న మళ్ళీ సైన్యం వచ్చింది. 2022 ఆగస్టులో డాలరుకు 2,100 క్యాట్‌లని రేటు బిగించారు. 2024కల్లా బజారు రేటు దానికి రెట్టింపు దాటింది. రెండు రేట్ల రోజులు తిరిగి వచ్చాయి.

మీ ఇంట్లో రంగం నుంచి వచ్చిన తాతలో నాన్నమ్మలో ఇంకా ఉంటే, వాళ్ళు వచ్చేటప్పుడు వెంట ఏం తెచ్చుకున్నారో, అది ఎందుకు ఎంచుకున్నారో, ఇక్కడ దాన్ని ఎంతకు అమ్మారో ఈ వారంలోనే అడగండి. చెప్పింది చెప్పినట్టు, తేదీ వేసి, ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి.